మోచేతి మీద తుపాకి

టిక్... టిక్... టిక్. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధి ఇంకా నిద్రకళ్లు నులుముకుంటుండగానే ఆ చప్పుడు మలుపు తిరిగేది. తోలు పట్టీకున్న ఇనప కొక్కెం తుపాకి మడమకు తగిలే చప్పుడు. దాని వెనకే షరీఫ్ కనబడేవాడు.

సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఇల్లు జమ్మలమడుగులో, కాపలా ప్రొద్దుటూరులో ఒక నగల అంగడికి. జోడు గొట్టాల తుపాకి ఆయన సొంతం, లైసెన్సూ ఆయన పేరిటే. తుపాకి ఉంటేనే ఆ ఉద్యోగం. రోజూ దాన్ని భుజాన అందరికీ కనబడేలా వేసుకొని బస్సెక్కేవాడు. బస్సులో దాన్ని గొడుగును చూసినట్టే చూసేవాళ్లు.

ఒకనాడు బస్టాండులో కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఆపాడు. లైసెన్సు చూసి, నీ తప్పేం లేదు గానీ జనం భయపడతారు, ఏదన్నా కప్పుకొని పో అన్నాడు. షరీఫ్‌కు ఆ మాట బాగానే తోచింది. సాయంత్రం భార్య అజ్మత్ బీ పాత దుప్పటి చింపి పొడవాటి సంచి కుట్టింది.

మరునాడు బస్సులో పూలమ్మే పార్వతమ్మ ఎగాదిగా చూసింది.

"ఏందప్పా షరీఫూ, తుపాకికి చలిజొరమా?"

కొందరు నవ్వారు. పెద్దవాళ్లు మాత్రం నవ్వలేదు. భుజాన కనబడే తుపాకిని ఈ సీమలో ఎవరూ పట్టించుకోరు. గుడ్డలో చుట్టిన పొడవాటి వస్తువు కనబడితే పాత ముఠా పగల రోజులు గుర్తొస్తాయి. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. ఊరి మొదట్లోనే పోలీసులు బస్సాపి షరీఫ్‌ను దింపి స్టేషన్‌కు తీసుకుపోయారు.

ఎస్సై గద్దించలేదు. లైసెన్సు సరిగానే ఉందని, ఆయుధం దాచి తెచ్చినట్టు రాయించిన కాగితం మీద సంతకం పెడితే తుపాకి ఇచ్చేస్తానని అన్నాడు. ఆ సంతకం పడితే లైసెన్సు మళ్లీ పొడిగించరని షరీఫ్‌కు తెలుసు. ఇంతలో అంగడి గుమాస్తా గురురాజారావు ఫోన్ చేశాడు. మధ్యాహ్నంలోగా రాకపోతే యజమాని ఇంకొకర్ని పెట్టుకునేట్టున్నాడట.

షరీఫ్ బెంచీ మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"నేను దాయలే సార్. కప్పమంటే కప్పినా. దాసినానని మాత్రం రాసియ్యను."

"జనం భయపడ్తాండారు గదా భాయ్, దానికేం చేస్తావు?"

ఒక్కసారి తుపాకి చేతికిమ్మన్నాడు షరీఫ్. ఎస్సై కాసేపు తటపటాయించి తలూపాడు. షరీఫ్ మీట జరిపి కీలు దగ్గర వంచాడు. గొట్టాలు కిందికి వాలి, వెనక కొసలు తెరుచుకున్నాయి. కిటికీ వైపు ఎత్తి చూడమన్నాడు. నల్లటి ఇనుములో రెండు గుండ్రటి వెలుగులు, నాణేలంత ఆకాశం. తూటా ఉంటే ఆ ఆకాశం కనబడదు. వంచిన తుపాకి పేలదు కూడా.

"రోజూ ఇట్లనే వంచి మోచేతి మీద ఏసుకొని వస్తా. ఎవురైనా సూసుకోవచ్చు."

ఎస్సై గొట్టాల్లోంచి చాలాసేపు చూశాడు. రాయించిన కాగితం చింపేసి, పో భాయ్ అన్నాడు. ఎండ నడినెత్తికి రాకముందే షరీఫ్ అంగడి వాకిట్లో తన స్టూలు మీద ఉన్నాడు.

అప్పటినుంచి అదే పద్ధతి. చెట్టు కొమ్మ విరిగి చేతిమీద వాలినట్టు మోచేతి మీద తుపాకి. పులివెందుల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లో, కొత్తగా చేరిన పోలీసులో ఇప్పటికీ ఆపుతూనే ఉంటారు. ఆగుతాడు, వెలుగుకెత్తి చూపిస్తాడు, నడుస్తాడు.

ఇదంతా బస్టాండులో నాకు చెప్పి, బస్సు కదులుతుంటే మెట్టెక్కుతూ వెనక్కి తిరిగి అన్నాడు:

"ఆపేది వాళ్ల పని, ఆపనీ. రేపు ఇంగో కొత్తాయన వస్తాడు, ఆయప్పకూ ఇట్లే సూపిస్తా. పని మాత్రం ఇడిసేది లేదప్పా."