హమ్రియా రూములో గీసిన అమ్మ

పోయిన నెల మెట్‌పల్లి దగ్గర ఒక పల్లెకు సంవత్సరీకం భోజనానికి వెళ్లాను. పోయినాయన మస్కట్‌లో, హమ్రియా పేటలోని మా కంపెనీ రూములో నాలుగేళ్లపాటు నా పక్క మంచం మీద పడుకున్న మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. కాళ్లు కడుక్కుని లోపలికి అడుగుపెట్టానో లేదో, గోడ మీద ఆయన ఫొటో పక్కన ఇంకో బొమ్మ కనిపించి అక్కడే నిలబడిపోయాను. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న ఒక తల్లి బొమ్మ అది. రంగు అక్కడక్కడా పెచ్చులు లేచిపోయింది గానీ, మెడలో బంతిపూల దండ మాత్రం ఆ పొద్దున వేసిందే. ఆ బొమ్మ పంతొమ్మిది వందల డెబ్బైల్లో నేను గీసిందే.

మీలో ఆ రోజుల్లో గల్ఫుకు వచ్చినవాళ్లు ఉంటే నేను చెప్పకుండానే కళ్ల ముందుకు వచ్చేస్తుంది. మస్కట్ అంతా ఎటు చూసినా సైటే. నేను కంపెనీలో పెయింటర్ని, అంటే తలుపులకూ గేట్లకూ రంగు పూసేవాణ్ణి, కానీ జగిత్యాలలో గోడల మీద బొమ్మలు వేసిన చెయ్యి ఊరుకుంటుందా? శుక్రవారం సెలవు వస్తే రూముల్లోని మనవాళ్ల బొమ్మలు గీసేవాణ్ణి. కూర్చోబెట్టి నిదానంగా గీయడానికి వాళ్లకు ఓపిక లేదు, నాకు తీరిక లేదు. అందుకని వారమంతా డ్యూటీ అయ్యాక సైటులో పారేసిన ప్లైవుడ్ ముక్కల మీద ఒళ్లు ముందే గీసి పెట్టుకునేవాణ్ణి, కోటు, టై, చేతికి గడియారం, వెనక పరదా, అన్నీ తయారుగా ఉండేవి, మెడ పైన మాత్రం ఖాళీ. శుక్రవారం వచ్చినవాడి ముఖం అందులో దించితే గంటలో పని ముగిసేది. కోటు ఎప్పుడూ నీలమే, ఎందుకంటే కంపెనీ గేట్లకు వేయగా మిగిలే రంగు అదే. కరీంనగర్ జిల్లాలో ఎన్ని గోడల మీద మా కంపెనీ గేటు రంగు కోటు తొడుక్కున్న మేస్త్రీలు ఉన్నారో ఆ దేవుడికే ఎరుక. మా రూములో వంట చేసే హైదరాబాదీ ఖాన్‌సామా, ఉస్తాద్ ఊరంతటికీ ఏకిచ్ కోటు, ఒక్కటే కోటు, కుట్టించాడని నన్ను ఆటపట్టించేవాడు. గొప్పలు పోతున్నాననుకోకండి, ముఖం పోలిక పట్టడం నాకు బాగా వచ్చు, ఆ సంగతి నాకు తెలుసు, కొంచెం పొగరు కూడా ఉండేది.

ఒకనాడు అన్నకు ఉత్తరం వచ్చింది. ఆయనకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. వాళ్లమ్మ పోయింది, దహనం అయిపోయింది, పదకొండో రోజు కూడా అయిపోయి ఇంకో వారం గడిచాక ఆ కాగితం మా రూముకు చేరింది. పెద్దకొడుకై ఉండి తలకొరివి పెట్టలేకపోయాడు. ఆయన ఏడవలేదు, పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి వెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత నా మంచం మీద వచ్చి కూర్చున్నాడు.

“తమ్మీ, అమ్మ మొకం యాదికొస్తలేదురా. ఎంత కండ్లు మూసుకున్నా వస్తలేదు. నువ్వు గీసియ్యి, వచ్చే నెల సెలవుల నేను ఇంటికి వోయి గోడకు పెడ్త.”

ఫొటో ఏదైనా ఉందా అంటే లేదు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె ఎన్నడూ దిగలేదు. నవ్వకండి, మా అమ్మ కూడా అదే మాట పట్టుకుని ఒక్క ఫొటో లేకుండా నా పదిహేనో ఏట వెళ్లిపోయింది.

కళ్లెలా ఉండేవి, ముక్కెలా ఉండేదని అడిగితే, అమ్మంటే ఎట్లుంటదో గట్లనే ఉంటది గదా అనేవాడు. ఆయనకు గుర్తున్నవల్లా చాట, కత్తెర, తునికాకు, వంచిన తలలో పాపిట. పొద్దంతా బీడీలు చుట్టే తల్లి కొడుకుకు ముఖం చూపించే తీరికేది? అది నాకు కొత్త కాదు, మా ఇంట్లోనూ అంతే. అందుకే ఒళ్లూ చాటా ఇట్టే గీసేశాను, ముఖం దగ్గర చెయ్యి ఆగిపోయింది. మూడు శుక్రవారాలు గీయడం, చెరపడం. ఆయన సెలవు దగ్గరపడుతోంది, రోజూ డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే పలక వైపు చూసేవాడు. నా పొగరంతా ఆ ఖాళీ దగ్గర దిగిపోయింది.

నాలుగో శుక్రవారం ఏమీ ఆలోచించకుండా కుంచె పట్టుకున్నాను. చెయ్యి దానంతట అదే సాగింది. అయిపోయాక చూస్తే ఎడమ కనుబొమ మధ్యలో ఒక తెగిన గీత ఉంది. ఏడేళ్లప్పుడు చిర్రగోనె ఆటలో నేను కొట్టిన కర్రముక్క తగిలి మా అమ్మకు అయిన మచ్చ అది. నేను గీసింది మా అమ్మను. చెరిపేద్దామని గుడ్డ అందుకున్నాను, అప్పటికే అన్న నా వెనక నిలబడి ఉన్నాడు.

“గిదే మా అమ్మ,” అన్నాడు. “ఆ మచ్చ నేనే మర్చిపోయిన్రా.”

ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. ఇక నేనేం నోరు విప్పను? పోనీలే, నాకు వచ్చే శుక్రవారం ఇంకొకటి గీసుకుంటాను, చెయ్యి నాదే కదా అనుకున్నాను. ఆయన బొమ్మతో ఇంటికి వెళ్లాడు, కంపెనీ నన్ను దూరంగా ఇబ్రా ఊళ్లోని సైటుకు పంపింది. ఆ ముఖం మళ్లీ రాలేదు. ఎన్ని పలకలు పాడుచేశానో! కళ్లు కుదిరితే నోరు కుదరదు, అన్నీ కుదిరితే ఆమె కాదు. కొన్నేళ్లకు అమ్మ ముఖం నాకు అసలే గుర్తు లేకుండా పోయింది.

అందుకే ఆ రోజు ఆ గోడ ముందు కదలలేకపోయాను. అన్న చెల్లెలు, ఇప్పుడు ముసలామె, గీసింది నేనేనని విని పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది.

“ఈమె మా అమ్మ కాదు తమ్మీ. మాకు తెచ్చిన్నాడే ఎరుకైంది. అన్న ముంగట ఎవ్వలం అనలే. ఎవ్వల తల్లో గని తల్లే గదా అని దినాం దీపం పెట్టినం.”

“మా అమ్మ, అక్కా,” అన్నాను.

ఆమె కాసేపు నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూసి, అగ్గిపెట్టె నా చేతికిచ్చింది. “అయితే ఇయ్యాల దీపం నువ్వే ముట్టియ్యి,” అంది. బొమ్మను తీసుకుపొమ్మని కూడా అంది. ఆ ఇంటి పిల్లలు ఆమెను ముత్తవ్వ అని పిలుస్తున్నారు, అందుకే నేను వద్దన్నాను. వచ్చేముందు, ఫొటో అంటే భయపడిన మా అమ్మను ఫోన్లో ఒక ఫొటో తీసుకున్నాను.

ఇప్పుడు నా మనవరాలు ఒక్క పూటలో యాభై ఫొటోలు దిగుతుంది, సాయంత్రానికి నలభై తుడిచేస్తుంది. ముఖం గుర్తుండదేమోనన్న బెంగ ఇప్పుడెవరికీ లేదు, మంచిదే. నా ఫోన్లోని అమ్మను మాత్రం నెల రోజులుగా తీసి చూస్తున్నాను. ఆ పల్లెలో ఎవరో కానివాళ్లు ఇన్నేళ్లు ఒక్క రోజు తప్పకుండా ఆమెకు దీపం పెట్టారు. ఆ బొమ్మ నా దగ్గరే ఉండి ఉంటే నేను పెట్టేవాణ్ణా అంటే, నిజం చెప్పొద్దూ, ఏమో.