తెనాలి నుంచి పెట్టిన సెట్టింగు

ఇందాక కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కుయ్ కుయ్‌మని మొదలెట్టింది. తెనాలిలో మా ల్యాబు మేడమీది గదిలో ఆ కూత వినబడితే చాలు, నాకు రాజరత్నం గారు గుర్తొస్తారు. "ఏడవకే తల్లీ, వచ్చేస్తుందిలే" అని దాన్ని చంటిపిల్లలా ఊరడించేవారు. మనుషులతో కన్నా మిషన్లతోనే ఎక్కువ మాట్లాడతాడని స్టాఫంతా ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. ఆయన్ని దగ్గరగా చూడకముందు నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన మా రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ల ఇన్‌ఛార్జి. పెద్ద ల్యాబు తెనాలిలో ఉంది. బాపట్లలో, రేపల్లెలో బ్రాంచీలు. పేషెంట్ల వివరాలు ఎక్కించడం, రిపోర్టులు తీయడం అంతా బ్రౌజర్లోనే. ఏ సైటు తెరుచుకోవాలి, పాస్‌వర్డులు దాచుకోనివ్వాలా వద్దా, తెరిచిన పేజీలు ఎప్పుడు చెరిగిపోవాలి, ఇలాంటివన్నీ ఆయన తెనాలిలో కూర్చుని ఒక్కసారి మారిస్తే మూడు ఊళ్ళలోనూ మారిపోయేవి. అప్పట్లో రేపల్లె కౌంటర్లో పనిచేసే నాకు ఆ సంగతే తెలియదు. బ్రౌజర్ మెనూ అడుగున 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని ఒక ముక్క కనిపించేది. సంస్థంటే డాక్టరు గారు కాబోలు అనుకునేదాన్ని. డాక్టరు గారంటే మా యజమాని. మంచివారే గానీ, కోపం వస్తే చుట్టూ ఎవరున్నారో చూసుకోరు.

రేపల్లె కౌంటరు తంతే వేరు. తెల్లారేసరికి లంకల్లోంచీ సముద్రం వైపు పల్లెల్లోంచీ జనం పరగడుపున దిగేవాళ్ళు. సగం మంది డాక్టరు రాసిచ్చిన చీటీ ఇంట్లో మరిచిపోయేవాళ్ళు. "మా ఆయన తెస్తున్నాడమ్మా, ఈలోగా రక్తం తీసేయండి, కాఫీ నీళ్ళు తాగి చస్తాను" అని బతిమాలేవాళ్ళు. కాదనడానికి నోరెలా వస్తుంది? పేరూ వయసూ కొట్టి, ట్యూబు మీద నంబరు వేసి, ఆ పేజీని అలాగే తెరిచి ఉంచేదాన్ని. చీటీలో ఏముందో ఎక్కించందే పేజీ సేవ్ కాదు మరి. అలా వరసగా ఎన్ని పేజీలు తెరిచి ఉండేవో! ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళడం కూడా నా పనే. అది ఎవరూ చెప్పిన పని కాదు, కానీ రేపల్లెలో అలా చెయ్యకపోతే ఊరుకోరు.

ఆ ఎండాకాలం ఉన్నట్టుండి పేర్లు మాయమవడం మొదలైంది. లోపలికి వెళ్ళి వచ్చేసరికి బ్రౌజర్ మూసుకుని ఉండేది. తెరిస్తే అంతా ఖాళీ. ట్యూబుల మీద నంబర్లున్నాయి, ఏ నంబరు ఎవరిదో చెప్పే పేజీ లేదు. చేసేదేముంది, వాళ్ళని మళ్ళీ పిలిపించి రక్తం తీయాల్సి వచ్చేది. నేనే ఏదో నొక్కి మూసేస్తున్నానేమో, నాకే మతి పోతోందేమో అని హడలిపోయాను. ఒక పెద్దాయన "మళ్ళీ పొడుస్తావా అమ్మా?" అంటూ రెండో చెయ్యి చాచిన రోజున డాక్టరు గారు రేపల్లెలోనే ఉన్నారు. హాలంతా జనం. అందరి ముందూ నన్ను నిలబెట్టి, "ధ్యాస ఎక్కడ పెట్టుకుని కూర్చుంటున్నావు? ఇంకొక్క పేరు పోయిందా, వచ్చే నెల నుంచి రానక్కర్లేదు" అన్నారు. మా ఇంట్లో అప్పుడు జీతం తెచ్చేదాన్ని నేనొక్కదాన్నే. కానీ నిజం చెప్పాలంటే, ఉద్యోగం మాట కన్నా ఆ హాల్లో నన్ను చూసిన చూపులే ఎక్కువ గుచ్చుకున్నాయి. అందులో మా వీధివాళ్ళు కూడా ఉన్నారు.

తరవాతి రోజు పొద్దున రాజరత్నం గారు తెనాలి రైలు దిగి వచ్చారు. కంప్యూటర్ దగ్గరికి వస్తారనుకుంటే, వెళ్ళి పేషెంట్ల బెంచీ మీద కూర్చున్నారు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళలో ఒకరిలాగే.

"ఏంటండి సార్, సిస్టమ్ చూడరా?" అన్నాను.

"చూస్తున్నానమ్మా. నువ్వు నీ పని చేసుకో."

నాకు ఒళ్ళు మండింది. నా తప్పు పట్టుకోవడానికి పంపించారు కాబోలు అనుకున్నాను. ఒక మామ్మగారిని లోపలికి నడిపించుకెళ్ళి, ఆవిడకి సూదంటే భయమైతే కాసేపు పక్కనే నిలబడి వచ్చాను. వచ్చేసరికి రాజరత్నం గారు కౌంటరు ముందు నిలబడి ఉన్నారు. బ్రౌజర్ మూసుకుపోయింది. "నేను ముట్టుకోలేదండి సార్, ఒట్టు" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఎవరూ ముట్టుకోలేదమ్మా. నేను చూస్తూనే ఉన్నా. ఇది నా నిర్వాకం."

సంగతేంటంటే, బాపట్లలో కౌంటరు రోడ్డు మీదికే ఉంటుంది. ఎవరో తొంగిచూసి పక్కింటి పిల్ల రిపోర్టు చదివేశారు, ఊళ్ళో పెద్ద రభస అయింది. అది మళ్ళీ జరక్కుండా, ఎవరూ ముట్టుకోకుండా కాసేపుంటే బ్రౌజర్ దానంతటదే మూసుకుని, అన్నీ చెరిపేసుకునేలా ఈయన సెట్టింగు పెట్టారు. బాపట్ల ఒక్కదానికే కాదు, అన్ని చోట్లకీ. ముందు తన కంప్యూటర్ మీద పరీక్షించారట. కుర్చీలోంచి లేవని మహానుభావుడు! ఆయన దగ్గర అది మూసుకుంటే కదా!

అక్కడే నిలబడి డాక్టరు గారికి ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్లో పెట్టారు. హాల్లో అందరూ తలలెత్తారు.

"డాక్టరు గారండీ, రేపల్లెలో పేర్లు పోగొట్టింది నేనండి. తెనాలి నుంచి."

"ఏంటయ్యా నువ్వనేది? అక్కడ మనిషి జాగ్రత్తగా ఉంటే..."

"మనిషి జాగ్రత్తగానే ఉందండి. ఇక్కడ పని ఎలా జరుగుతుందో చూడకుండా మూడు ఊళ్ళకీ ఒకే కొలత చొక్కా కుట్టింది నేనండి. పద్మ తప్పు ఇందులో పిసరంత లేదు."

డాక్టరు గారు "సరే, తెనాలి వచ్చాక నా గదికి రా" అని పెట్టేశారు. రాజరత్నం గారికి రిటైరయ్యే వయసు ఎప్పుడో దాటింది. ఏడాదికోసారి డాక్టరు గారు పొడిగిస్తేనే ఉద్యోగం. ఆ పొడిగింపు అప్పుడు వారం రోజుల్లో ఉందని నాకు చాన్నాళ్ళకి తెలిసింది.

ఆయన ఉద్యోగం నిలబడింది, నాదీ నిలబడింది. రేపల్లెకి వేరే సెట్టింగు పెట్టారు. మూసుకునే ముందు హెచ్చరిక రావాలన్నదీ, ఎంతసేపు ఆగాలన్నదీ నన్నడిగే పెట్టారు. తరవాతి ఏడు నన్ను తెనాలికి తీసుకెళ్ళి ఆ పని నేర్పుతానన్నారు. నేర్పడమంటే ముందు నన్ను బాపట్ల కౌంటర్లో కూర్చోబెట్టారు. "నేర్చుకోడానికి వచ్చానా, మళ్ళీ కౌంటర్లో కూర్చోడానికా?" అని పోట్లాడాను. "కూర్చో ముందు. నన్ను తిట్టుకో. ఏ సెట్టింగు దగ్గర తిట్టుకున్నావో సాయంత్రం చెప్పు" అన్నారు. తిట్టుకున్నాను కూడా, మొహమాటం లేకుండా. అవన్నీ చెబితే పడీపడీ నవ్వేవారు.

ఆయన పని మానేశాక ఒకసారి అంగలకుదురులో వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. "ఆ రోజు డాక్టరు గారితో విడిగా చెప్పుకోవచ్చు కదండి, స్పీకర్లో ఎందుకు పెట్టారు?"

ఇది కూడా అడగాలా అన్నట్టు చూశారు. "నిన్ను అన్నది అందరి ముందూ కదమ్మా. మరి తప్పు నాదని చాటుగా చెబితే ఎలా సరిపోతుంది?"

రాజరత్నం గారు పోయి ఏడాది దాటింది. ఇప్పుడు మూడు ఊళ్ళ బ్రౌజర్లూ నా చేతిలో ఉన్నాయి. నేనూ పొరపాటు పడతాను, పడనివాళ్ళెవరు? అలాంటప్పుడు రైలెక్కి ఆ ఊరే వెళ్తాను. ఏ జనం ముందు ఆ కౌంటరు పిల్లని మాట అన్నారో ఆ జనం ముందే నిలబడి, తప్పు నాదని చెబుతాను. అలవాటైపోయింది అనుకుంటారేమో, కాలేదు. ప్రతిసారీ నాలుక పిడచకట్టుకుపోతుంది. మొన్న బాపట్లలో అలా చెప్పాక గటగటా నీళ్ళు తాగుతుంటే ఒక్కసారిగా తట్టింది. ఆ రోజు ఫోన్ పెట్టేయగానే రాజరత్నం గారు నన్ను మంచినీళ్ళు అడిగారు. గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ ఇమ్మన్నారు. పాపం, ఎండన పడి వచ్చారు కదా అని అప్పుడు అనుకున్నాను.