ఇంకో నిమిషం ఉంచని పెనం

ముప్పై నాలుగేళ్లకే జ్ఞాపకాలు రాయడానికి కూర్చుంటే నవ్వుతారని తెలుసు. కానీ మొన్న కోతల పండుగ ఆరాధన అయ్యాక మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మా మావయ్య కొడుకు, అంటే మా బావ, భుజాన శాలువాతో, చేతిలో బెల్లం బాగా వండుతాడని రాసిన అద్దం పలకతో నిలబడి ఉన్నాడు. నర్సీపట్నంలో నా సెల్‌ఫోన్ల షాపులో కూర్చుని, ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, శాలువాకి ఎక్కడైనా చిరుగుందేమోనని వెతికాను. లేదు. చప్పట్ల బొమ్మ ఒకటి పెట్టి, ఆ పూట భోజనం మానేశాను. పెద్ద బాధేమీ కాదు, ఆకలి వేయలేదంతే.

గొలుగొండ వైపు బస్సులో వెళ్తుంటే చెరుకు రసం మరిగే వాసన కిటికీలోంచి వచ్చి పడేది, నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది. డిగ్రీ పూర్తయ్యి, ఆ డిగ్రీతో ఏం చేయాలో నాకూ ప్రభుత్వానికీ కూడా తెలియని రోజుల్లో, మా అమ్మ నన్ను అక్కడి మావయ్య గానుగకి పంపింది. అప్పటికే మావయ్య కళ్లకి పొరలు కమ్ముతున్నాయి. వచ్చే ఏడాది నుంచి పెనం దగ్గర నిలబడి పాకం చూసేదెవరన్నది తేలాలి. ఉన్నది ఇద్దరమే, బావా నేనూ.

బావకి మాటలు తక్కువ, హాస్యం అసలే లేదు. తన వంతు అయినా కాకపోయినా ప్రతి పెనం దగ్గరికీ వచ్చి, చెంబులో నీళ్లు పెట్టుకుని, పాకం ఇంత అందులో వేసి, వేళ్లతో ఉండ కట్టి చూసేవాడు. జ్వరమొచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని వచ్చి చూశాడు. నాకైతే మూడో రోజుకే పాకం పట్టుబడింది. కూలివాళ్లంతా మెచ్చుకున్నారు. మావయ్య మాత్రం, ఆ కనిపించీ కనిపించని కళ్లతో, బావ వేళ్లనే చూస్తూ ఉండేవాడు. ఆ చూపు ఒక్కసారైనా నా వేళ్ల మీదికి తిరుగుతుందేమోనని నేను చేసిన జోకులకి లెక్కలేదు. బావది తెలివి కాదు, ఉట్టి అలవాటని అందరికీ చెప్పేవాణ్ని. అలవాటు నాకూ ఉండేది లెండి, మెచ్చుకోలు వినే అలవాటు.

చివరికి మావయ్య ఇద్దరినీ చెరో పెనం వండమన్నాడు. రుచి చూసి చెప్పేది అమ్మమ్మట. నోట్లో పన్ను లేని మనిషి తీర్పేమిటని నేను గొణిగితే ఆవిడకి వినబడనే వినబడింది.

"పళ్లతోటి తీపి సూత్తారేట్రా?" అంది.

నేను పట్టుబట్టి, సరుకు కొనే షావుకారుని కూడా పిలిపించాను. చదువుకున్నవాణ్ని కదా, న్యాయం అంటే బయటివాడే చెప్పాలనుకున్నాను.

ఆ రోజు నా పెనంలో పాకం బంగారం రంగుకి తిరిగింది. కూలివాళ్లు దించడానికి సిద్ధంగా నిలబడ్డారు. బావ నా చెంబులోకి తొంగి చూసి మెల్లిగా అన్నాడు, "ఇంకో నిమిసం ఉంచరా. ఉండ మెత్తగుంది."

మెత్తగా ఉన్న సంగతి నా వేళ్లకీ తెలుస్తూనే ఉంది. అయినా దించమన్నాను.

షావుకారు రెండు దిమ్మలనీ ఎండలో పెట్టి, రంగు చూసి, నాదే మేలన్నాడు. అమ్మమ్మ నా బెల్లం ముక్క కాసేపు బుగ్గన పెట్టుకుని, బావ దిమ్మలోంచి రెండో ముక్క తీసుకుంది. నేను అటు చూడనట్టే ఉన్నాను. వారం పాటు గానుగంతా నాదే అన్నట్టు తిరిగాను.

తరవాత ముసురు పట్టింది. గోనె సంచుల మీద పేర్చిన నా దిమ్మలు చెమట పట్టి, కారి, ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. పక్కనే ఉన్న బావ దిమ్మలు తడితే రాయిలా మోగాయి. షావుకారు ఫోన్ ఎత్తలేదు. మావయ్య తిట్టలేదు. చేత్తో నా దిమ్మల జిగురు తడిమి చూసి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"నీకు పాకం రాక కాదురా. ఆడు ఉంచమన్నాడనే దించేసినావు."

మర్నాడే నర్సీపట్నం వచ్చేశాను. అడిగినవాళ్లకి పొగ పడలేదని చెప్పాను.

ఇప్పుడు మావయ్యా లేడు, అమ్మమ్మా లేదు. చుట్టుపక్కల గానుగలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అప్పటి కూలివాళ్లు తలో పనికి వెళ్లిపోయారు. బెల్లం పొడి డబ్బాల్లో వస్తోంది, తిన్నవాళ్లూ తిననివాళ్లూ కూడా ఫోన్లో ఐదుకిన్ని చుక్కలని వేసి తీర్పు చెప్పేస్తున్నారు. బావకి శాలువా కప్పిన పెద్దల్లో పెనం దగ్గర ఒక్క పూటైనా నిలబడ్డవాళ్లు ఎవరూ లేరు. పెనం ఎప్పుడు దించాలో, ఆ ఒక్క నిమిషంలో ఏం తేడా పడుతుందో ఎరిగి, బావ ఎంత గొప్పగా వండుతాడో చెప్పగలిగినవాణ్ని ఇక నేనొక్కణ్నే మిగిలాను. ఆ మాట అతనికి నేను ఇంతవరకూ చెప్పలేదు.