మావయ్య కొట్టని హారన్

మావయ్య అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన కొట్టని హారన్. టాటానగర్ రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాక, జుగ్సలాయి గోడౌన్‌లో తుప్పుపడుతున్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొని బాగుచేసుకున్నాడు. ఇంటి ముందు మాత్రం హారన్ ముట్టేవాడు కాదు.

"మనింటికాడ హారనేటిరా, పరాయోళ్లలాగ?" అనేవాడు.

ఇంజిన్ చప్పుడు వినగానే అత్తయ్య వచ్చి గేటు తీసేది. మతిమరుపు ముదిరి మా మొహాలన్నీ మరిచిపోయాక కూడా ఆ చప్పుడుకు లేచి వచ్చేది.

ఒకనాడు ఆ ఇంజిన్ పూర్తిగా పోయింది. విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. వేరే కారులోంచి తీసిన టర్బో ఇంజిన్నీ, దాని గేర్‌బాక్సునీ, షాఫ్టునీ నెలల తరబడి కూర్చుని తనే ఇందులో బిగించాడు.

"ఇంక గాల్లో ఎగిరెల్తాది సూడు" అంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నిజంగానే ఎగిరింది. సీతారామ్‌డేరాలో వాళ్లింటి ముందు ఆగాం. కొత్త ఇంజిన్ సన్నగా ఈల వేస్తోంది. గేటు తెరుచుకోలేదు. మావయ్య మళ్లీ మళ్లీ యాక్సిలరేటర్ తొక్కి చూశాడు. చివరికి హారన్ నొక్కాడు.

అత్తయ్య ఇంటి కిటికీ దగ్గరకొచ్చి ఆయన మొహంలోకే చూసింది.

"మా ఆయన ఇంట్లో లేరు బాబూ. బండేసుకుని ఎల్లారు. ఆ చప్పుడు కోసమే కూకున్నాను."