ఊరుకోని వేళ్ళు

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ వేళ్ళు ఎప్పుడూ ఊరుకునేవి కావు. టీ గ్లాసైనా, కీబోర్డైనా వాయించాల్సిందే. చనిపోయిన మా నాయన చేసిన ప్రార్థన రికార్డింగు నా కంప్యూటర్ డిస్క్‌లోనే ఉంది. ఆ డిస్క్ పాడైతే భాయ్ దగ్గరికే తీసుకెళ్ళాను.

డిస్క్‌ను సరిచేసే ప్రోగ్రాం ఎంతకీ నడవలేదు.

"ఏందన్నా ఇది, ఇట్ల మొదలుపెడితే అట్ల ఆగిపోతా ఉంది," అని భాయ్ విసుక్కున్నాడు.

తెర మీద చదివాను. మొదలయ్యేలోపు ఏ మీట నొక్కినా ప్రోగ్రాం రద్దవుతుందట.

"భాయ్, ఆపేది నీ వేళ్ళే."

ఆయన నాలుక కరుచుకుని, మళ్ళీ నడిపించి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నాయన గొంతు మిగిలిందో లేదోనని నేను తెరనే చూస్తున్నాను. భాయ్ మోచేత్తో కీబోర్డును నాకు అందకుండా జరిపాడు. నా వేళ్ళు అప్పటికే దాని అంచును వాయిస్తున్నాయి.