నల్లోడు అన్నం ముట్టని వేసవి

మా పక్క ఫ్లాటువాళ్ళు ఈమధ్య ఒక కుక్కను తెచ్చుకున్నారు. నిన్న సాయంత్రం నేను బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తుంటే గోడ అవతల నుంచి ఒక చప్పుడు వినిపించింది. పళ్ళాన్ని ముక్కుతో నెట్టుకుంటూ పోయే చప్పుడు. తింటున్న కుక్క ముందు పళ్ళెం ఒకచోటే టకటకమంటూ కదులుతుంది. తినని కుక్క పళ్ళెం మాత్రం గచ్చు మీద గీసుకుంటూ కొంతదూరం పోయి ఆగుతుంది, మళ్ళీ గీసుకుంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఆ చప్పుడు నాకు కొత్తదేం కాదు. అయినా చేతిలోని దుప్పటి మడత పడకుండా అలాగే ఉండిపోయింది. గవర్నర్‌పేటలో ఒక ఇంటి వసారా కళ్ళ ముందుకొచ్చింది. ఆ వసారాలో గొంతుక్కూర్చున్న పరంధామయ్య గారు కూడా.

డాక్టర్ పరంధామయ్య గారంటే మీలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. డెబ్భైల్లో నేను చదువు ముగించి బెజవాడలో ఒక పశువుల ఆసుపత్రిలో చేరినప్పుడు ఆయన నా పై అధికారి. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ మడిచిన పొట్టి చేతుల చొక్కాతో ఉండేవారు. ఆడపిల్ల పశువుల డాక్టరు కావడం అప్పటికి వింత. గేదెలను తోలుకొచ్చిన రైతులు నా వంక చూసి, "డాక్టరు గారు లేరామ్మా?" అని అడిగేవాళ్ళు. ఆయన గదిలోంచి తల బయటికి పెట్టి, "ఆ ఎదురుగా ఉన్నది డాక్టరు గారేగా!" అనేవారు. అంతకు మించి నా తరఫున ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ ఒక్క మాటతో నన్ను నిలబెట్టి, తర్వాత నా తిప్పలు నన్ను పడనిచ్చారు.

ఆయన పద్ధతి చూసి మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. జ్వరం చూడకముందే, నాలుక చూడకముందే, పశువు మేత తినే చోట పావుగంట కూర్చునేవారు. ఒకసారి గన్నవరం దగ్గర పల్లెలో ఒక పాడిగేదె ఎండుగడ్డి ముట్టడం లేదని కబురొస్తే ఇద్దరం వెళ్ళాం. దిష్టి తగిలిందని ఇంటివాళ్ళు అప్పటికే మిరపకాయలు తిప్పేశారు. ఈయన చెప్పులు విడిచి కొట్టంలోకి వెళ్ళి, గాటిలోని గడ్డిపరక ఒకటి తీసి నోట్లో పెట్టుకుని నమిలారు.

"సార్!" అన్నాను కంగారుగా.

"అది రోజూ తినేదేగా. మనం ఒకసారి తింటే ఏమవుతుంది?" అని పరక ఊసి, రైతు వంక తిరిగారు. "ఏవయ్యా, ఈ గడ్డి తెచ్చిన బండిలో అంతకుముందు కిరసనాయిలు డబ్బాలేమైనా వేశావా?"

వేశాడు. గడ్డి మార్చారు. గేదె తింది. తిరిగి బస్సులో వస్తూ ఆయన అన్నది ఇంతే: "అన్నం మానేసిన ప్రాణి ఏదో చెబుతోందమ్మా. అది చెప్పేది మన గురించి కూడా కావచ్చు."

ఆ వేసవిలోనే సీతారావమ్మ గారు రిక్షాలో ఒక నల్లకుక్కను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. అరవై దాటిన మనిషి. భర్త పోయి మూడు నెలలైందట, పిల్లలు లేరు. ఏలూరు కాలువకు దగ్గర్లో, గవర్నర్‌పేట సందులో, సొంత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. కుక్క పేరు నల్లోడు. బాగా ఎదిగిన మగకుక్క. ఆవిడ కొంగు పట్టుకున్నట్టు ఆవిడ కాళ్ళకు ఆనుకుని నిలబడింది.

"నిన్నామొన్నటిదాకా సుబ్బరంగా తినేవాడమ్మా. వారం నుంచి పళ్ళెం ముందు పెడితే వాసన చూసి వెనక్కిపోతున్నాడు."

పళ్ళు చూశాను, చిగుళ్ళు చూశాను, జ్వరం లేదు, పొట్ట మెత్తగానే ఉంది, నీళ్ళు తాగుతోంది. నులిపురుగులకు మందిచ్చి, కేసు కాగితం రాసి ఆసుపత్రి ఫైల్లో పెట్టి, ఆవిడను పంపాను. నాలుగు రోజులకు ఆవిడ మళ్ళీ వచ్చారు. నల్లోడి డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కానీ నా కళ్ళు ఈసారి ఆవిడ మీద పడ్డాయి. ఆవిడా అలాగే చిక్కిపోయారు. బుగ్గలు లోపలికి పోయాయి. కుర్చీలో కూర్చుంటూ గోడ పట్టుకున్నారు.

"మందు దీనికి పనిచెయ్యదేమో డాక్టరమ్మా," అన్నారు మెల్లగా. "నాలుగింటికి అన్నం పెడతాను. ఒకసారి మీరే వచ్చి చూడండి."

మర్నాడు వెళ్ళాను. సందులో ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆ ఇంటి వసారాలో మాత్రం ఆవిడ కట్టిన వట్టివేళ్ళ తడకల వల్ల చీకటిగా, చల్లగా ఉంది. ఒక మూల పడక కుర్చీ. గుడ్డ మధ్యలో కిందికి దిగి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. ఆవిడ పెరుగన్నం కలిపి సత్తు పళ్ళెంలో వేసి తెచ్చి పెట్టారు. నల్లోడు ఆత్రంగా వచ్చాడు. ఆకలి కళ్ళలో కనిపిస్తోంది. పళ్ళెం మీదికి తల వంచి, ఒక్కసారిగా ఆగిపోయాడు. మెడ మీది వెంట్రుకలు లేచాయి. నెమ్మదిగా తల తిప్పి పడక కుర్చీ వంక చూశాడు. మొరగలేదు, గుర్రుమనలేదు, చూస్తూ ఉన్నాడంతే. తర్వాత ముక్కుతో పళ్ళాన్ని నెట్టడం మొదలుపెట్టాడు. కొంచెం నెట్టి ఆగడం, మళ్ళీ నెట్టడం. అలా నెట్టుకుంటూ దాన్ని తీసుకెళ్ళి కుర్చీ కాళ్ళ దగ్గర ఆపి, తను దూరంగా వచ్చి పొట్ట నేలకానించి పడుకున్నాడు.

"చూశారా? ఆయనకు పెడుతున్నాడు," అన్నారు సీతారావమ్మ గారు. ఆ గొంతులో భయం లేదు, అదే నన్ను భయపెట్టింది. "నేనూ ఇంతేనమ్మా. రెండు ముద్దలు తింటే వాంతి. నోరంతా ఇనుము నాకినట్టుంటుంది. ఆయన పిలుస్తున్నారు. ఇద్దరం వెళ్ళిపోతాం."

ఏం చెప్పి బయటపడ్డానో నాకు గుర్తులేదు. సందు మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. ఆసుపత్రికి వచ్చి పరంధామయ్య గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు. నేను రాసిన కేసు కాగితం తెప్పించుకుని రెండుసార్లు చదివారు.

"ఆవిడకు కూడా వాంతులన్నావా?"

"అవునండీ."

"రేపు ఇద్దరం వెళ్దాం. మధ్యాహ్నమే వెళ్దాం, వంట కాకముందు."

మర్నాడు ఆయన నేరుగా వంటింటి గుమ్మంలోకి వెళ్ళి కూర్చున్నారు. సీతారావమ్మ గారికి ఇష్టం లేదు. కుక్కను చూడ్డానికి వచ్చినవాళ్ళకు వంటింట్లో పనేమిటన్నారు. "ఎండగా ఉందమ్మా, కాస్త ఇక్కడ నీడపట్టున కూర్చోనివ్వండి," అన్నారు ఈయన. అన్నం ఉడికింది. ఈయన పొయ్యి మీది గిన్నెలోంచే ఉత్త అన్నం కొంచెం అడిగి, చల్లార్చి, వసారాలో నల్లోడి ముందు పెట్టారు. నల్లోడు కుర్చీ వంక చూశాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తల దించి మొత్తం తినేశాడు. పళ్ళెం నాకాడు.

సీతారావమ్మ గారు వంగి ఖాళీ పళ్ళెం చేతిలోకి తీసుకున్నారు.

"ఇప్పుడు మీరు రోజూ కలిపినట్టే కలపండి," అన్నారాయన.

ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి పెరుగు వేసుకొచ్చి కలిపారు. నల్లోడు వాసన చూశాడు, మెడ వెంట్రుకలు లేచాయి, వెనక్కి నడిచాడు. పరంధామయ్య గారు ఆ పళ్ళెంలోంచి రెండు మెతుకులు తీసి నాలుక మీద పెట్టుకున్నారు. వెంటనే లేచి పెరట్లోకి వెళ్ళి ఊసి, నోరు పుక్కిలించి వచ్చారు.

"అమ్మా, పెరుగు ఎందులో తోడుపెడుతున్నారు?"

ఆవిడ చూపు లోపలి గది వైపు పోయింది. తర్వాత లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని తెచ్చారు. బయట బంగారంలా మెరుస్తోంది. లోపల కళాయి అంతా పోయి, అడుగున, అంచుల వెంబడి పచ్చగా చిలుము పట్టి ఉంది.

అది ఆవిడ భర్త గిన్నె. పెళ్ళయిన నాటి నుంచి రామకోటయ్య గారు ఆ గిన్నెలో తోడుపెట్టిన పెరుగే తినేవారు. ఏటేటా కళాయి పూయించుకొచ్చేవారు. చివరి రెండేళ్ళూ ఆయన మంచాన పడి పెరుగు ముట్టకపోవడంతో ఆ గిన్నె అటక మీదికి పోయింది. దినవారాలు అయ్యాక ఆవిడ దాన్ని దించి, రోజూ చింతపండు పెట్టి తోమి, రోజూ సాయంత్రం అందులో పాలు తోడుపెట్టారు. తోమిన కొద్దీ మిగిలిన కాస్త కళాయీ పోయింది. ఇంకేమీ తినబుద్ధి కాక రెండు పూటలా ఆ పెరుగే తిన్నారు.

"అందులోదైతే ఆయనతో కలిసి తిన్నట్టుంటుందండీ," అన్నారు.

"కళాయి లేని ఇత్తడిలో పులుపు విషమవుతుందమ్మా," అన్నారు పరంధామయ్య గారు. "మీ వాంతులు దానివల్లే. వాడికి ముక్కుంది కాబట్టి మానేశాడు. మీరు ఇవాళే మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ అమ్మాయి తోడొస్తుంది."

ఆవిడ గిన్నెను గుండెకు ఆనించుకున్నారు. ఆవిడ మొహంలో అప్పటిదాకా ఉన్న నెమ్మది ఎటో పోయింది. ఒక ప్రాణం నిలబడుతున్నందుకు నేను సంతోషించాలి. కానీ ఆ మొహం చూస్తే, ఆవిడ దగ్గరి నుంచి మేమేదో లాక్కున్నామనిపించింది.

"అయితే ఆయన రావడం లేదన్నమాట," అన్నారు.

ఆ మాటకు జవాబు చెప్పడం ఎంత తేలికో, ఏ జవాబు చెప్పినా ఎంత తప్పో నాకు తెలియని వయసు. పరంధామయ్య గారే అన్నారు: "అమ్మా, నేను పెరుగు సంగతి చెప్పాను. ఆయన సంగతి నేనేమీ చెప్పలేదు."

ఆవిడ అప్పుడు ఏడ్చారు. మూడు నెలల తర్వాత అదే మొదటిసారి ఏడవడమని తర్వాత నాతో చెప్పారు. గిన్నె పరంధామయ్య గారి చేతికిచ్చారు. ఆయన దాన్ని సైకిలుకు తగిలించుకుని కళాయివాడి దగ్గరికి వెళ్ళారు, నేను ఆవిడను రిక్షా ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు మూడు వారాల్లో ఆవిడ కోలుకున్నారు. నల్లోడు ఒళ్ళు చేశాడు.

ఇక్కడితో అయిపోతే ఇది నేను కొత్త డాక్టర్లకు చెప్పే పాఠంగా మిగిలేది. వానలు మొదలయ్యాక నల్లోడికి టీకా వెయ్యడానికి ఒకసారి ఆ ఇంటికి వెళ్ళాను. అన్నం వేళ అయింది. మంచి అన్నం, మంచి పెరుగు. నల్లోడు పళ్ళెం దగ్గరికి వచ్చి, తల ఎత్తి పడక కుర్చీ వంక చూశాడు. ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. గాలి లేదు, కుర్చీ గుడ్డ కదల్లేదు. కాసేపటికి తోక రెండుసార్లు ఊపి, తినడం మొదలుపెట్టాడు.

నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. "రామకోటయ్య గారు ఆ కుర్చీలో కూర్చుని తినమని చెబితేగాని వీడు తినేవాడు కాదేమోనండీ. ఆ అలవాటు పోలేదు," అన్నాను.

సీతారావమ్మ గారు నా వంక వింతగా చూశారు. "ఆయన వీణ్ణి చూడనే లేదమ్మా. ఆయన పోయిన పదకొండో రోజున వచ్చాడు వీడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలీదు. తిన్నగా గేటు తోసుకుని వచ్చి, ఆ కుర్చీ ముందు కూర్చున్నాడు."

ఆసుపత్రికి వెళ్ళి ఆ మాట చెప్పాను. పరంధామయ్య గారు నా కేసు కాగితం తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టారు. "చిన్నప్పటి నుంచి ఈ ఇంట్లోనే పెరిగింది, అని రాశావు. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నేనే అనుకున్నాను."

"నేనూ చదివి నమ్మాను," అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "పద, ఒకసారి చూసొద్దాం."

నాలుగింటికి వెళ్ళాం. ఆయన ఎప్పటిలాగే వసారాలో గొంతుక్కూర్చున్నారు. సీతారావమ్మ గారు పళ్ళెం పెట్టారు. నల్లోడు వచ్చి తల ఎత్తాడు. అయితే ఈసారి అటు చూసి, ఇటు చూసి, తినకుండా చిన్నగా మూలిగాడు. పరంధామయ్య గారు వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఆయన సరిగ్గా కుక్కకూ కుర్చీకీ మధ్యలో కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, పెద్దవాళ్ళకు దారి ఇచ్చేటప్పుడు ఒదిగినట్టు ఒదిగి, పక్కకు జరిగి కూర్చున్నారు. నల్లోడు కాసేపు అటే చూసి, తోక ఊపి, తిన్నాడు.

తిరుగుదారిలో నేను అడిగాను: "ఏమిటండీ అది?"

"తెలియదమ్మా," అన్నారు. "అలాగే రాయి."

రాశాను. ఆ తర్వాత వేల పశువులను చూశాను. కారణం దొరికినవి చాలా ఉన్నాయి, దొరకనివీ ఉన్నాయి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు అడిగేది ఇది మీ దగ్గరికి ఎప్పుడొచ్చిందనే. పరంధామయ్య గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన దగ్గర నేర్చుకున్న మందులు చాలావరకు పాతబడిపోయాయి, కొన్ని ఇప్పుడు దొరకవు కూడా. కానీ ఈనాటికీ ఎవరింట్లోనైనా ఒక కుక్క తినడం ఆపి, నా వెనక ఎటో చూస్తూ నిలబడితే, నేను వెనక్కి తిరిగి చూడను. మెల్లగా లేచి పక్కకు జరుగుతాను.