ఎడమవైపు అరంగుళం

విశ్వవిద్యాలయంలో ఆడపిల్లల హాస్టలుకు ఎదురుగా, ఒక మేడ మెట్ల కింద, కుట్టుమిషను, నిలువుటద్దం, చిన్న తెర పట్టేంత చోటుంది. ఇరవై రెండేళ్ళుగా అదే ఆమె దుకాణం. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంది కాబట్టి పిల్లలు ఆమెను టేపు పిన్ని అంటారు.

ఆమెది కత్తెర నోరు. "ఏమే, హాస్టలు తిండి బాగా ఒంటబట్టిందే, కుట్లు కేకలేస్తున్నాయి" అని పదిమందిలో అనేస్తుంది. తెర లోపలికి వెళ్ళాక మాత్రం ఆ నోటికి తాళం. భుజం దిగినా, నడుము ఒక పక్కకు ఒరిగినా మాట్లాడదు. ఆ వంకరను గుడ్డలో కలిపేస్తుంది. అద్దంలో పిల్లలు తమను తాము చూసుకుని మురిసిపోతారు. ఆ మురిపెమే ఆమెకు పేరు తెచ్చింది.

వార్షికోత్సవానికి ఎనిమిది రోజులుండగా పాటల బృందం పిల్లలు నీలం గౌన్లకు వచ్చారు. ఎనిమిదిమందికీ ఒకటే రకం. అందులో వృక్షశాస్త్రం చదివే పిల్ల, వానకాలంలో ఒకసారి కొలతలిచ్చినదే, తెర లోపల పైబట్ట తీసి చేతులెత్తి నిలబడింది. అప్పటికంటే ఛాతీ ఎడమవైపు అరంగుళం పెరిగింది. చెయ్యెత్తినప్పుడు చర్మం మీద చిన్న సొట్ట పడింది, లోపలి నుంచి ఎవరో దారం లాగి పట్టుకున్నట్టు. వేల ఒళ్ళు కొలిచిన చేతికి అది కొత్త. టేపు ఒక్క క్షణం ఆగింది.

"పిన్నీ" అంది పిల్ల గొంతు తగ్గించి. "మొన్న హాస్టలుకు నర్సు వచ్చి, రొమ్ములో గడ్డలున్నాయేమో ఎలా చూసుకోవాలో రబ్బరు బొమ్మ మీద చెప్పింది. నెలసరి అయ్యాక, వేళ్ళు పరిచి, చుట్టూ మెల్లగా నొక్కుతూ. మేము నవ్వలేక చచ్చాం. తర్వాత స్నానాల గదిలో చూసుకున్నా. గులకరాయిలా ఏదో తగిలింది. నొప్పి మాత్రం లేదు. ఏ మార్పున్నా డాక్టరుకు చూపించమంది. వెళ్ళనా?"

తెర బయట ఏడుగురు ఎదురుచూస్తున్నారు. ఈ పిల్ల ఇక్కడ ఏడిస్తే వాళ్ళంతా లోపలికి తొంగిచూస్తారు. ఆసుపత్రికి పరిగెడితే గౌను ఆగుతుంది. ఇవన్నీ పిన్ని మనసులో ఒక్కసారే మెదిలాయి.

"ఎవరికీ రెండు వైపులా ఒక్కలా ఉండవే, పిచ్చిపిల్లా. నీ వయసులో గడ్డలు వస్తాయి, పోతాయి. నేను సర్దేస్తాగా."

"నువ్వు డాక్టరు కంటే నయం పిన్నీ." పిల్ల ముఖం తేలికపడింది.

పిన్ని ఎడమవైపు కుట్టు వదులు చేసింది, లోపల మెత్తటి లైనింగు వేసింది. వేదిక మీద ఎనిమిది గౌన్లూ ఒకే నీటిలో లేచిన అలల్లా కదిలాయి. ఎవరికీ ఏమీ కనపడలేదు.

ఏడు నెలలకు చంకలో గడ్డ తేలింది. అప్పుడు గానీ ఆసుపత్రికి వెళ్ళలేదు. రొమ్ము తీసేశారు. క్యాన్సరు ఎముకల్లోకి పాకిందన్నారు.

ఎండలు తగ్గాక పిల్ల తల్లితో వచ్చింది. తలకు గుడ్డ కట్టుకుంది. పట్టా పుచ్చుకునే రోజుకు ఆ నీలం గౌనే సరిచేయాలట. తల్లి బయట బల్ల మీద కూర్చుంది. తెర లోపల పిల్ల చేయి ఎత్తబోయింది, సగంలోనే ఆగింది.

"పిన్నీ, ఆ రోజు నీ చేతికి తెలిసిందా?"

పిన్ని టేపును వేలికి చుట్టుకుంది.

"తెలిసింది."

పిల్ల ఏడవలేదు. "అమ్మ రోజూ నన్నే తిడుతోంది, నోరు విప్పలేదని. నేను చెప్పానని చెప్పు. నీకు చెప్పానని. అంతే చాలు."

పిన్ని తెర పక్కకు తీసి బయటికొచ్చింది.

"కుదిరిందా అమ్మా?" అంది తల్లి లేచి. "మీకైనా చెప్పుకోవాలి. చదువుకున్న పిల్ల, నర్సు వచ్చి మరీ నేర్పిందట. రాయిలా తగులుతుంటే ఎవరికీ చెప్పకుండా కూర్చుంది. ముందే చెబితే బతికేది కదా."

తెర వెనక అలికిడి ఆగిపోయింది. పిల్ల వింటోంది.

పిన్ని నోరు తెరిచింది. రోడ్డు మీద ఇద్దరు కొత్త పిల్లలు గుడ్డముక్కలు పట్టుకుని దుకాణం వైపే వస్తున్నారు.

"ఏం చేస్తాం అమ్మా, ఈ కాలం పిల్లలు" అంది పిన్ని. "ఎడమవైపు దూది పెట్టి కుడతాను. బయటికి ఏమీ తెలియదు. గురువారం రండి."